అది సాక్ష్య కూటం కాదు, షూటింగు

ఎస్తేర్‌రాణిని మళ్లీ ఆ ఇంటి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది ఆమె మొగుడు కాదు. మీరు. మా సంఘంలో ప్రతి ఆదివారం బెంచీలు నింపే మీరు. కమిటీ అని పేరు పెట్టుకుని, ముద్ర బీరువాలో దాచుకుని, ఆ కాగితం కింద వరసగా సంతకాలు పెట్టిన మీరు ఐదుగురూ. శాంతిరాజుకు చేతనైంది తలుపేసి ఒక ఆడమనిషి మణికట్టు విరగ్గొట్టడం వరకే. మిగతా పని మీరు చేసిపెట్టారు. చెయ్యి కూడా ఎత్తక్కర్లేకుండా, పెన్నుతో.

నేను రొయ్యల షెడ్డులో తలలు తీసేదాన్ని. ఏడో తరగతి దాటలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. తప్పుంటే అందరి ముందూ లేచి చెప్పండి. నా వెనకాల కాదు.

తెలియనివాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతాను. ఎస్తేర్‌రాణి అంగన్‌వాడీలో ఆయా. శాంతిరాజు గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. వాళ్లకు ఒక్కతే కూతురు, షారోన్. ఆ పిల్ల ఆరో తరగతిలో ఉండగా ఒక పెళ్లి భోజనాల దగ్గర ఎస్తేర్‌రాణి మొగుడి విస్తరి వైపు చూసి, "మీకు పులుసు పడదు కదండీ" అంది. పక్కన అతని ఆఫీసు వాళ్లున్నారు. నలుగురిలో తనను రోగిష్టివాణ్ని చేసిందని శాంతిరాజుకు పౌరుషం వచ్చింది. ఆ రోజు నుంచి పెళ్లాంతో మాట్లాడడం మానేశాడు. ఒక వారం కాదు, ఒక నెల కాదు. పదకొండేళ్లు.

ఒకే ఇంట్లో ఉండి మాట్లాడకపోతే సంసారం ఎలా నడుస్తుంది? పిల్ల మీద నడిచింది. "మీ అమ్మకు చెప్పు, గుండీ ఊడిందని." "మీ నాన్నకు చెప్పు, దారం డబ్బాలో ఉందని." ఇద్దరికీ మధ్య రెండడుగులు. మధ్యలో ఆ పిల్ల లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఇటూ అటూ మాటలు మోసేది. డిగ్రీకి, ఆ పైన పీజీకి పాండిచ్చేరి వెళ్లింది, మా యానాం పిల్లలందరూ వెళ్లినట్టే. అప్పుడైనా ఆగిందా? ఫోనొచ్చింది. శాంతిరాజు వరండాలో కూర్చుని పాండిచ్చేరికి ఫోన్ చేసేవాడు. "మీ అమ్మకు చెప్పు, కూరలో ఉప్పు లేదని." పిల్ల ఆ ఫోన్ పెట్టేసి వంటింట్లో ఉన్న తల్లికి చేసేది. ఉప్పు మాట పాండిచ్చేరి దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి కూర చల్లారిపోయేది.

ఊరంతా నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. మా షెడ్డులో ఆడవాళ్లం రొయ్యలు ఒలుస్తూ, "మీ అమ్మకు చెప్పు, తల సరిగ్గా తియ్యమని" అంటూ ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్లం.

తర్వాత తలుపు సంగతి. షారోన్‌కు జ్వరమని ఎవరో చెబితే, తన ఫోన్‌లో బ్యాలెన్సు లేక, పిల్ల ఎలా ఉందో చెప్పమని ఎస్తేర్‌రాణి మొగుడి గదిలోకి వెళ్లబోయింది. పదకొండేళ్లలో ఆమె దాటని గుమ్మం అది. ఆమె చెయ్యి ద్వారబంధం మీద ఉండగానే అతను తలుపు విసిరి వేశాడు. ఎముక విరిగిన చప్పుడు పక్కింటికి వినిపించింది. ఆమె అరుస్తుంటే అతను లోపలి నుంచి పాండిచ్చేరికి ఫోన్ చేశాడు. జ్వరంతో పడుకున్న పిల్లతో ఏమన్నాడో తెలుసా? "మీ అమ్మకు చెప్పు, ఆ ఏడుపు ఆపమని."

ఇది విన్నాక నాకు నవ్వు రాలేదు. అగ్రహారంలో నా గది పక్క గది ఖాళీగా ఉంటే ఎస్తేర్‌రాణిని తీసుకొచ్చి పెట్టాను. కట్టు విప్పాక ఇద్దరం కలిసి వకీలు ఉమామహేశ్వరం గారి దగ్గరకు వెళ్లాం. విడాకుల కేసు వేశాం. అప్పుడు కమిటీ మా గదికి రెండుసార్లు వచ్చింది, సర్దుకుపొమ్మంది, టీ తాగి వెళ్లింది. సరే, అది మీ అలవాటు. అంతవరకూ నేను పట్టించుకోలేదు.

కేసు నడుస్తుండగా షారోన్ చదువు ముగించి వచ్చింది. పాండిచ్చేరిలో స్నేహితులతో కలిసి చిన్న చిన్న సినిమాలు తియ్యడం నేర్చుకుందట. మా గదిలో చాప మీద కూర్చుని, పెద్ద సినిమా తీస్తానంది.

"నవ్వొచ్చే సినిమా పెద్దమ్మా. మా ఇంటి కథే. పేరు కూడా పెట్టేశాను, 'మీ నాన్నకు చెప్పు'."

"విడాకుల మీద నవ్వేంటే నీ మొహం?"

"ఏడుస్తూ తీస్తే ఎవరు చూస్తారు చెప్పు? ఏడుపు అందరిళ్లలోనూ ఉంది. ఎవరూ డబ్బులిచ్చి కొనుక్కోరు."

డబ్బెక్కడిది, యాక్టర్లెక్కడివాళ్లు అని అడిగాను. యాక్టర్లు అక్కర్లేదంది. తల్లి తల్లిగా, తండ్రి తండ్రిగా. కెమెరా వీరబాబుది. వీరబాబు పెళ్లిళ్ల వీడియోలు తీస్తాడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి కెమెరా ఊరికే పడుంటుంది. ఆ నెల రోజులూ అతను షారోన్‌కు చేస్తానన్నాడు.

నేను ఎస్తేర్‌రాణి వైపు చూశాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"నువ్వేమంటావే?"

"నేనేమంటానక్కా. దానికి జ్వరం వచ్చినప్పుడు కూడా మా కబుర్లే మోసింది. ఒక నెల అది చెప్పింది మేం చేత్తే తప్పేంటి?"

శాంతిరాజు దగ్గరకు షారోన్ ఒక్కతే వెళ్లింది. అతను అద్దం ముందు నిలబడి మీసం సర్దుకుంటూ విన్నాడట. విని, "మీ అమ్మకు చెప్పు, నేను ఒప్పుకున్నానని" అన్నాడట. షారోన్ మాకు ఆ ముక్క చెప్పి పడీ పడీ నవ్వింది.

వకీలుకు చెప్పలేదు. సినిమాకు వకీలెందుకు అనుకున్నాం. అది మా తప్పు. నా తప్పు. ఊళ్లో ప్రతి గొడవలోనూ తల దూర్చేదాన్ని, అక్కడ మాత్రం బుర్ర వాడలేదు.

షూటింగు ఆ ఇంట్లోనే పద్దెనిమిది రోజులు జరిగింది. ఎస్తేర్‌రాణి పొద్దున ఆటోలో వెళ్లేది, పొద్దుగూకేలోపు తిరిగొచ్చేది. షెడ్డులో పని లేని రోజుల్లో నేనూ వెళ్లి కూర్చునేదాన్ని. నిజం చెప్పాలి కదా, శాంతిరాజు బాగా చేశాడు. తడి తువ్వాలు తెచ్చి పెళ్లాం కూర్చునే కుర్చీ మీద ఆరేసే సీనులో, అతను దాన్ని ఆరేసి, ముడతలు సర్ది, రెండడుగులు వెనక్కి వేసి, గొప్ప పని చేసినట్టు చూశాడు. వీరబాబు నవ్వు ఆపుకోలేక కెమెరా ఊగిపోయింది.

"నవ్వకు అన్నయ్యా, షేకవుతోంది!" అని షారోన్ అరిచింది.

"నవ్వకుండా ఎలాగండి బాబూ! మా నాన్న కూడా అచ్చం ఇంతేనండి!"

ఇంకో సీనుంది. భోజనం బల్ల దగ్గర తండ్రి తలెత్తి, కూతురితో చెప్పబోయి ఆగి, నేరుగా తల్లినే పిలవాలి. శాంతిరాజు తలెత్తాడు. "రాణీ, మంచినీళ్లు" అన్నాడు. పదకొండేళ్ల తర్వాత ఆ పేరు ఆ నోట వచ్చింది. ఎస్తేర్‌రాణి చేతిలో గ్లాసు జారిపోయింది. అది కాగితంలో లేదు. షారోన్ కట్ చెప్పడం మర్చిపోయింది. సినిమాలో ఆ ముక్క అలాగే ఉంది, చూసినవాళ్లందరూ అక్కడ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ఇద్దరం ఆటోలో తిరిగొచ్చాం. దారిలో ఎస్తేర్‌రాణి, "అక్కా, ఆయన గొంతు మారిపోయింది. ముసలాడి గొంతు. ఎప్పుడు మారిపోయిందో నాకు తెలీలేదు" అంది.

ఇక ఆఖరి సీను. అదే గొంతు కోసింది.

ఆఖరున తల్లి గుడిలో సాక్ష్యం చెబుతూ, అంటే దేవుడు తన బతుకులో చేసింది అందరి ముందూ చెప్పుకుంటూ, భర్తను క్షమిస్తుంది, అదీ షారోన్ రాసుకున్నది. నేను పోట్లాడాను. "కోర్టులో కేసుంది, చెయ్యి ఇంకా సరిగ్గా తిరగదు, క్షమించడం దేనికే?" అన్నాను. "ఎండింగ్ కావాలి పెద్దమ్మా. ఇది కామెడీ" అంది. ఎండింగ్ కావలసింది సినిమాకు కాదు. లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకున్న ఆరో తరగతి పిల్లకు. నాకు తెలుస్తూనే ఉంది. తెలిసీ నోరు మూసుకున్నాను.

మందిరం కావాలి. పాస్టరు గారు వేరే ఊళ్లో కూటాలకు వెళ్లారు. సంఘ కార్యదర్శి ప్రశాంత్ మాస్టారు షారోన్‌కు బళ్లో పాఠాలు చెప్పినాయన. రిజిస్టరు తీశాడు. మందిరం ఎవరికి ఎందుకిచ్చినా అందులో రాయాలి. ఆరాధన, పెళ్లి, భూస్థాపన, కూటం, వీటికి తప్ప ఇవ్వకూడదని మన నియమం.

"సినిమా అని రాస్తే కమిటీ ఒప్పుకోదమ్మా" అన్నాడు గడ్డం గోక్కుంటూ. "ఒక పని చేద్దాం. సాక్ష్య కూటం అని రాస్తాను. ఎలాగూ సాక్ష్యం సీనేగా. మనలో మనకేంటి."

"మాస్టారూ, మీరు సూపరు" అంది షారోన్.

నేనూ నవ్వాను. మంచి మనసుతోనే రాశాడు ఆ పూట. దాన్ని నేను కాదనను.

శనివారం పొద్దున తెల్లబట్టలు కట్టుకుని రండి, షూటింగు, టిఫిన్ ఉంటుంది అని షారోన్ ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. మీ ఇంటికీ వచ్చింది. మీరు వచ్చారు. అరవై మూడు మంది. ఉప్మా తిన్నారు, మీ మొహం కెమెరాలో పడేలా ముందు బెంచీల కోసం తోసుకున్నారు. మైకు ఆన్ చేసే ముందు ప్రార్థన చెయ్యాలని ప్రశాంత్ మాస్టారు పట్టుబట్టి చేశాడు. ప్రార్థన లేకుండా మన మైకు ఎప్పుడూ మోగలేదు కాబట్టి అది కూడా ఎవరికీ వింతగా తోచలేదు.

మూడుసార్లు తీశారు. మొదటిసారి ఎస్తేర్‌రాణి లేచి, "నా భర్త నాతో పదకొండేళ్లు మాటాడలేదు" అందో లేదో, వెనక బెంచీలో కునుకు తీస్తున్న పాపాయమ్మ ఉలిక్కిపడి "ఆమేన్!" అని కేకేసింది. మందిరమంతా గొల్లుమంది. "అవ్వా, ఇంకా క్షమించలేదు, ఆగు!" అని షారోన్ అరిస్తే ఇంకా నవ్వారు. రెండోసారి బ్యాటరీ అయిపోయింది.

మూడోసారి ఎస్తేర్‌రాణి కాగితం చూడలేదు. మైకు పట్టుకుంది. "నాతో మాటాడని మనిషిని క్షమిత్తన్నాను. నా చెయ్యి విరగ్గొట్టేడు, దాన్ని కూడా క్షమిత్తన్నాను. దేవుడు నన్ను ఇంక ఆ మాటలు మొయ్యనివ్వకుండా చెయ్యాలి. నన్నూ, నా కూతుర్నీ" అంది. తర్వాత ఎవరో ఆమేన్ అన్నారు. అందరూ అన్నారు. నేనూ అన్నాను. నా గొంతే పైకి వినిపిస్తుంది, కావాలంటే సినిమా చూడండి.

శ్రావణానికి షూటింగు అయిపోయింది. క్రిస్మస్ దాటాక పక్కనే ఉన్న దరియాలతిప్పలో ఒక హాలులో తెల్ల దుప్పటి కట్టి చూపించారు. మీరంతా వచ్చారు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడి చూశారు. ఉప్పు పాండిచ్చేరి వెళ్లిన చోట పొట్టలు పట్టుకుని నవ్వారు. సాక్ష్యం దగ్గర కళ్లు తుడుచుకున్నారు. సినిమా మొదట్లో షారోన్ గర్వంగా ఒక అట్ట మీద రాసి చూపించింది: "ఇందులో మనుషులు నిజం. జరిగిందంతా నిజం." హైదరాబాదులో కూడా చిన్న చిన్న సినిమాలు చూపించే చోట వేశారట. తర్వాత ఇంటర్నెట్టులోనూ పెట్టింది. ఎవరో మెచ్చుకుని పేపర్లో నాలుగు ముక్కలు రాశారు. ఎస్తేర్‌రాణి ఆ ముక్క కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది.

రెండు నెలల తర్వాత ఉమామహేశ్వరం గారు మమ్మల్ని రమ్మన్నారు. బల్ల మీద కాగితాలు. శాంతిరాజు తరఫున వేసిన కౌంటరు.

"ఏంటమ్మా ఇది? ఆయన్ని క్షమించి మళ్లీ కాపురం చేశావా?"

"లేదండి!"

"తప్పు క్షమించి, మళ్లీ కలిసి కాపురం చేస్తే ఆ తప్పు మీద విడాకులు అడగడం కష్టం. ఆయన అదే అంటున్నాడు. పద్దెనిమిది రోజులు నువ్వు ఆ ఇంట్లో వంట చేసి వడ్డించినట్టు వీడియో ఉంది. గుడిలో క్షమించానని చెప్పినట్టు వీడియో ఉంది. జరిగిందంతా నిజమని మొదట్లో మీ అమ్మాయే రాసింది. ఇదిగో, సంఘం వాళ్ల కాగితం."

ఆ కాగితం నేను చదివాను. కూడబలుక్కుని చదివాను, ఒక్క అక్షరం వదల్లేదు. ఫలానా శనివారం మందిరంలో సాక్ష్య కూటం జరిగినది. సాక్ష్యం: శ్రీమతి ఎస్తేర్‌రాణి. హాజరు: అరవై మూడు. రిజిస్టరు ప్రకారం నిజమని ధ్రువీకరించడమైనది. ముద్ర. ఐదు సంతకాలు. మొదటి సంతకం ప్రశాంత్ మాస్టారుది.

"అది షూటింగండీ. మూడుసార్లు తీశారు. కట్ అన్నది, పాపాయమ్మ కేకేసింది, అన్నీ ఉంటాయి కదా?" అన్నాను.

"ఉంటే తీసుకురండి. ఒక్కటి చాలు."

వీరబాబు కొట్టుకు పరిగెత్తాం. అతను మొహం దించుకున్నాడు. "ఆయ్, తుడిచేసేనండి. శ్రావణంలో పెళ్లిళ్లు పడ్డాయి కదండీ, డిస్కు ఖాళీ లేదు. సినిమాకని ఏరుకున్నది ఉంచి మిగతాది తీసేసేను. మాకు ఎప్పుడూ అంతేనండి." తను కోర్టుకొచ్చి చెబుతానన్నాడు. కానీ కెమెరా వాడు కూతురి తరఫు మనిషి అంటారు, ఇంకా ఇద్దరు ముగ్గురు కావాలి, సంఘం వాళ్లయితేనే ఆ కాగితానికి జవాబు అన్నారు వకీలు. నేను చెబుతానన్నాను. "మీరు ఆమెకు గది ఇప్పించినావిడ. మీ వెనక ఇంకొకరుండాలి" అన్నారు.

ప్రశాంత్ మాస్టారు ఇంటికి వెళ్లాను. వరండాలో పేపర్లు దిద్దుకుంటున్నాడు.

"మాస్టారూ, అది షూటింగని మీకు తెలీదా?"

"నేనేం అబద్ధం రాశానమ్మా? రిజిస్టర్లో ఏముందో అదే ఇచ్చాను. శాంతిరాజు నకలు అడిగాడు. సభ్యుడు అడిగితే ఇవ్వాలి."

"రిజిస్టర్లో ఉన్నదే అబద్ధం కదండీ. మీ చేత్తో మీరే రాసేరు."

ఎర్ర పెన్ను మూత పెట్టాడు. "నెమ్మదిగా మాటాడు. ఇప్పుడు నేను షూటింగంటే ఏమవుద్ది? మందిరాన్ని సినిమాకిచ్చానని పై వాళ్లకు తెలుస్తుంది. రిజిస్టర్లో తప్పు రాశానని తెలుస్తుంది. ముప్పై ఏళ్ల రిజిస్టరు అది. ఆ ఒక్క గీత తప్పంటే మిగతావన్నీ తప్పంటారు."

"అందుకని ఆవిడ వెళ్లి ఆ మనిషితో ఉండాలా?"

"కలిసుంటే మంచిదేగా. పైగా ఆవిడ చెప్పినప్పుడు నాకు కళ్లనీళ్లొచ్చాయి శాంతమ్మా. నటనకు ఎవరికైనా కళ్లనీళ్లొస్తాయా?"

ఈ ముక్కకు నేను నవ్వాలో, అక్కడున్న చెంబు తీసి విసరాలో తెలియలేదు.

గేటు బయట శాంతిరాజు సైకిల్ ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో. "ఏవమ్మా శాంతమ్మా, నా పెళ్లాం మైకులో చెప్పింది, యానాం మొత్తం విన్నాది. నీకొక్కదానికే చెవుడా?"

"నువ్వు ఆవిడతో మాట్లాడావా ఆ తర్వాత? ఒక్క మాట?"

"వచ్చేక మాటాడతాను. ముందు రమ్మను" అన్నాడు. మొహంలో నవ్వు లేదు. నిజంగా నమ్ముతున్నాడేమో. పదకొండేళ్ల తప్పు ఒక పొద్దున్న మైకులో కడిగేశారని ఎవరికి మాత్రం నమ్మాలని ఉండదు? నమ్మాడో, నటించాడో, నాకనవసరం. ఆ తలుపు వెనక నుంచి ఫోన్ చేసిన నోరు అదే.

తర్వాత కమిటీ మా గదికి వచ్చింది. ఈసారి టీ కూడా తాగలేదు. ప్రశాంత్ మాస్టారు ఎస్తేర్‌రాణిని మెత్తగానే అడిగాడు. మెత్తగా అడిగేవాళ్లతోనే భయం.

"రెండిట్లో ఏదో ఒకటి చెప్పమ్మా. ప్రార్థన చేసి ఇచ్చిన మైకులో, దేవుడి ఎదుట, క్షమించానన్నావు. నిజంగా క్షమించావా? లేక దేవుడి మందిరంలో నిలబడి అబద్ధమాడావా?"

నేను మధ్యలోకి వెళ్లబోతే, "నిన్నడగలేదు" అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి ఆమెను ఇంటికి తీసుకెళ్లి గృహప్రార్థన చేయిస్తామని చెప్పి వెళ్లిపోయారు.

ఆమె సంచిలో రెండు చీరలు పెట్టుకుంటోంది. నేను సంచి లాగాను.

"నీకు మతి పోయిందా?"

"అక్కా, నేను అక్కడ నిలబడి అన్నాను కదా. కాగితం చూడకుండా అన్నాను. అది అబద్ధమైతే నేను దేవుడితో అబద్ధమాడినట్టు. నిజమైతే ఎల్లాలి. ఇంకేం దారుంది?"

"షూటింగులో అన్నావు!"

"మరి అందరూ ఆమేన్ అన్నారు కదా. నువ్వూ అన్నావు."

నేను ఎన్నో ధర్నాల్లో అరిచాను. షెడ్డు గేటు ముందు పోలీసులకు జవాబు చెప్పాను. ఆ మాటకు మాత్రం సంచి వదిలేశాను.

షారోన్ గుమ్మం దగ్గరే నిలబడి వింటోంది. నాలుగు రోజుల నుంచీ ఆ పిల్ల తిండి తినలేదు. సినిమా ఇంటర్నెట్టు నుంచి తీసేస్తానంది, తగలబెట్టేస్తానంది. తీసేస్తే దాచారంటారని వకీలు వద్దన్నారు.

"అమ్మా, ఆ మాటలు నేను రాశానే. నువ్వు కాదు. తప్పు నాదే."

"నువ్వు రాసింది మొదటి ముక్కే అమ్మా. చెయ్యి సంగతి నువ్వు రాయలేదు. అది నేనే అన్నాను."

"ఎందుకన్నావు?"

ఎస్తేర్‌రాణి కూతురి వైపు చూసింది. "నువ్వు కెమెరా పక్కన నిలబడి ఏడుత్తున్నావు. ఆరో తరగతిలో ఏడిచేదానివి చూడు, శబ్దం రాకుండా, అలాగ. నీకేం కావాలో తెలిసింది. ఇచ్చేను."

షారోన్ వచ్చి తల్లి సంచి పక్కన నేల మీద కూర్చుంది. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. కాసేపటికి ఆ పిల్ల ఫోన్ మోగింది. తండ్రి. స్పీకర్లో పెట్టింది. "మీ అమ్మకు చెప్పు, ఆదివారం పన్నెండింటికి ఆటో పంపుతానని" అన్నాడు.

గదిలో ముగ్గురం ఉన్నాం. ఎవరం నవ్వలేదు.

మర్నాడు నేను షెడ్డు మానేసి మీ ఇళ్లన్నీ తిరిగాను. ఒకరు, మాకెందుకమ్మా ఆ గొడవ అన్నారు. ఒకరు, మా అబ్బాయి ప్రశాంత్ మాస్టారు దగ్గర చదువుతున్నాడు అన్నారు. ఒకావిడ తలుపు చాటు నుంచే, ఆ రోజు తను రాలేదంది. సినిమాలో రెండో బెంచీలో నీలం అంచు చీరలో కూర్చుని ఉంది, నేనే ఆమెకు జరిగి చోటిచ్చాను. పాపాయమ్మ ఒక్కతే, "నేనొత్తానే, నిద్దరలో కేకేసేనని చెప్పుతాను" అంది. కొడుకు వచ్చి ఆమెను లోపలికి తీసుకుపోయాడు.

సరే. మీ ఇళ్లల్లో ఒక్కొక్కరిగా అడిగితే మీకు కుదరదు. అందరి ముందూ అడుగుతున్నాను.

ప్రశాంత్ మాస్టారూ, శనివారంలోగా ఆ రిజిస్టరు తియ్యండి. సాక్ష్య కూటం అన్న ముక్క కొట్టెయ్యండి. పక్కన షూటింగు అని రాసి, మీ సంతకం పెట్టి, తేదీ వెయ్యండి. మీరు మందిరం సినిమాకిచ్చారని పై వాళ్లు అడిగితే మాట పడండి. మాట పడితే ఎముకలు విరగవు. సంతకాలు పెట్టిన మిగతా నలుగురూ, ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుంటున్నామని రాసివ్వండి.

ఆ రోజు వచ్చిన మిగతావాళ్లందరూ, గురువారం వాయిదా. బుధవారం సాయంత్రం లోపల ఉమామహేశ్వరం గారి ఆఫీసుకు రండి. ముగ్గురు చాలు. ఉప్మా తిన్నాం, తెల్లబట్టలు కట్టుకున్నాం, మూడుసార్లు తీశారు, నటించాం అని చెప్పండి. నాలుగు ముక్కలు, పావుగంట పని.

కానీ అంతకుముందు ఆదివారం ఉంది. పన్నెండింటికి ఆటో వస్తుంది. ఎస్తేర్‌రాణి ఎక్కబోతోంది. ఆమెను ఆపేది కోర్టు కాదు, నేను కాదు. ఆమె నా మాట వినదు. మీ అందరి మాటే వింటుంది. కాబట్టి ఆ ఆదివారం ఆఖరి ప్రార్థనకు ముందు లేవండి. మైకు ఇవ్వకపోతే అరవండి. "ఎస్తేర్‌రాణీ, నువ్వు దేవుడితో అబద్ధమాడలేదు, మేం ఆడాం, నువ్వు వెళ్లక్కర్లేదు" అని ఆమె మొహం చూసి చెప్పండి. పక్కవాళ్లు లేచేదాకా చూడకండి. మీరే లేవండి.